పెరటి దడికి ఏ తీగ మంచిది?



ఈ రోజు మాట పెరటి దడి గురించి. దడి గురించి చెప్పుకోడానికి ఏముంది అనుకోకండి. చాలా ఉంది.

ఇంటి ముందు వాకిలి అందరూ వచ్చిపోయే చోటు. ఇంటి వెనక పెరడు ఆడవాళ్ళు పని చేసుకునే చోటు. అంట్లు తోమేది అక్కడే. బట్టలు ఉతికేది అక్కడే. పిల్లలకు నీళ్ళు పోసేది అక్కడే. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు స్నానం చేసేదీ అక్కడే. ఆ చోటుకు మరుగు ఇచ్చేది దడి. దడికి చిల్లులు పడితే ఎంత ఇబ్బందో ఆడవాళ్ళకే తెలుసు.

దడిని కొన్ని ఊళ్ళలో కంచె అంటారు. కొన్ని ఊళ్ళలో తడిక అంటారు. పెరటిని కొందరు దొడ్డి అంటారు. పేరు ఏదైతేనేం? పని ఒకటే.

ఆ దడి మీద ఒక మంచి తీగ పాకితే మూడు లాభాలు. ఒకటి, మరుగు పెరుగుతుంది. రెండు, ఇంటికి కూర దొరుకుతుంది. మూడు, పెరడు చల్లగా ఉంటుంది.

మరి అందరి దడుల మీదా తీగలు ఉన్నాయా? లేవు. పెట్టినవాళ్ళకు అందరికీ కాశాయా? కాయలేదు. ఒకచోట సొర తీగ బరువుకు దడి కూలిపోతుంది. ఒకచోట తీగ ఏపుగా పెరుగుతుంది, కాయ మాత్రం కాయదు. ఇంకోచోట మొలక వచ్చిన వారానికే మాడిపోతుంది. "మా చేతి వాసి మంచిది కాదు" అని ఆ ఇల్లాలు ఊరుకుంటుంది.

చేతి వాసిలో లోపం లేదు. లోపం వరసలో ఉంది. చాలామంది ముందు తీగను ఎంచుకుంటారు. సంతలో ఏ విత్తనం దొరికితే అది తెస్తారు. తెచ్చాక దడి పక్కన గుచ్చుతారు. ఆ వరస మార్చాలి. ముందు దడిని చూడాలి. తర్వాత ఎండను చూడాలి. ఆ తర్వాత నీటిని చూడాలి. అన్నీ చూశాక తీగను ఎంచుకోవాలి.

ముందు దడిని చూడండి

తాటాకు దడి ఉందనుకోండి. అది తేలిక దడి. వానకు నానుతుంది. ఎండకు ఎండుతుంది. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ కట్టుకోవాలి. అలాంటి దడి మీద ఏళ్ళ తరబడి బతికే తీగ పెడితే ఏమవుతుంది? దడి మార్చే రోజు వస్తుంది. కాపు మీద ఉన్న తీగను నరుక్కోవాలి. అందుకే తాటాకు దడికి ఒక్క పంటతో అయిపోయే తీగలు మంచివి. బీర, కాకర అలాంటివి. వాటి కాపు అయిపోయాక దడి మరమ్మతు చేసుకోవచ్చు.

వెదురు తడిక తాటాకు కంటే గట్టిది. దీనికి బీర, కాకరతో పాటు చిక్కుడు కూడా పెట్టుకోవచ్చు. చిక్కుడు తీగ గుబురుగా పెరుగుతుంది. కాబట్టి మధ్య మధ్య గట్టి గుంజలు పాతాలి.

రాతి స్తంభాలు నాటి ఇనుప తీగ కట్టిన కంచె ఏళ్ళ తరబడి ఉంటుంది. దానికి దొండ మంచిది. సన్నజాజి కూడా మంచిది. ఇవి ఒకసారి నాటితే ఏళ్ళు బతుకుతాయి.

తుమ్మ కంప కంచె ఉంటే ఒక చిక్కు ఉంది. తీగ బాగానే పాకుతుంది. కాయ కొయ్యబోతే చేతులు గీసుకుపోతాయి. అలాంటి కంచెకు లోపలి వైపు నాలుగు కర్రలు పాతి, తాళ్ళు కట్టండి. తీగను ఆ తాళ్ళ మీదికే పాకించండి. కంచె కంచెగానే ఉంటుంది. కాయ చేతికి అందుతుంది.

ఇక ఇటుక గోడ. గోడ నున్నగా ఉంటుంది. తీగ పట్టుకోడానికి ఏమీ దొరకదు. గోడకు మేకులు కొట్టి తాళ్ళు కట్టాలి.

తీగ ఎలా ఎక్కుతుంది?

అన్ని తీగలూ ఒక్కలా ఎక్కవు. బీర తీగను దగ్గరగా చూడండి. ఆకు పక్క నుంచి సన్నటి పోగులు వస్తాయి. వాటిని నులితీగలు అంటారు. అవి స్ప్రింగులా చుట్టుకుని పట్టుకుంటాయి. బీర, కాకర, సొర, పొట్ల, దొండ, గుమ్మడి అన్నీ ఇలా ఎక్కేవే. నులితీగకు సన్నటి ఆధారం కావాలి. పుల్ల, తాడు, తీగ లాంటివి కావాలి. లావు గుంజను అది చుట్టలేదు.

చిక్కుడు, బచ్చలి, శంఖుపూల తీగ వేరే రకం. వీటికి నులితీగలు ఉండవు. కాడే మెలి తిరుగుతూ గుంజను చుట్టుకుంటుంది. వీటికి నిలువుగా కర్ర పాతితే చాలు.

కాగితప్పూల చెట్టు ఇంకో రకం. అది చుట్టుకోదు, పట్టుకోదు. ముళ్ళతో ఆనుకుంటుంది. మనిషే కట్టాలి. మేకలు రాకుండా బయటి కంచెకు అది బాగుంటుంది. పిల్లలు ఆడే పెరట్లో ముళ్ళ మొక్క వద్దు.

ఎండ ఎంత పడుతుంది?

ఒక రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దడిని చూడండి. ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతోందో గుర్తు పెట్టుకోండి. కాయ కాసే తీగకు రోజులో కనీసం ఆరు గంటల ఎండ కావాలి. చెట్టు నీడలో బీర పెడితే ఆకు వస్తుంది, కాయ రాదు. నీడ చోట ఆకు తినే తీగ పెట్టాలి. అంటే బచ్చలి పెట్టాలి. బచ్చలికి సగం నీడ ఉన్నా పరవాలేదు.

ఏ తీగ గుణం ఏమిటి?

బచ్చలి: పెరటి తీగల్లో అన్నిటికంటే సులువైనది ఇది. జానెడు కాడ గుచ్చినా బతుకుతుంది. గింజ వేసినా మొలుస్తుంది. నీళ్ళు ఉంటే ఏడాది పొడవునా ఆకు ఇస్తుంది. కోసిన కొద్దీ చిగురు వేస్తుంది. అంట్లు తోమే చోటుకు దగ్గరగా పెట్టుకోవచ్చు. పప్పులో వేసుకోవచ్చు. కందతో కలిపి వండితే విందు కూర అవుతుంది. బచ్చలి పళ్ళు పండితే ఊదారంగు రసం వస్తుంది. పిల్లలు ఆ రసాన్ని సిరా చేసుకుని రాస్తూ ఆడుకుంటారు.

దొండ: దొండలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మగ తీగకు పూలే గాని కాయలు రావు. గింజ వేస్తే ఏ తీగ వస్తుందో తెలియదు. కాబట్టి దొండను గింజతో పెట్టకూడదు. బాగా కాసే తీగ ఎవరి ఇంట్లో ఉందో చూడాలి. అక్కడి నుంచి పెన్సిలంత లావు కాడ తేవాలి. మూడు నాలుగు కణుపులు ఉండాలి. రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటాలి. కంచెల మీద దానంతట అదే పెరిగే కాకిదొండ వేరు. దాని కాయ చేదు. అక్కడి నుంచి కాడ తెచ్చి మోసపోవద్దు.

చిక్కుడు: నాటు పందిరి చిక్కుడును ఆషాఢ, శ్రావణాల్లో పెడతారు. ముందే పెట్టినా ముందే కాయదు. పొద్దు తగ్గి, చలి మొదలయ్యాకే పూస్తుంది. ఈ సంగతి తెలియక కొందరు "ఇది గొడ్డు తీగ" అని ఆశ్వయుజంలోనే పీకేస్తారు. కాస్త ఓపిక పడితే సంక్రాంతికి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం చేసేది అందుకే. అప్పటికి ప్రతి పెరట్లోనూ చిక్కుడు ఉంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. చిక్కుడు వేళ్ళు నేలకు సత్తువ ఇస్తాయి. చిక్కుడు పెట్టిన చోట మరుసటి ఏడు బీర బాగా కాస్తుంది.

బీర, కాకర: రెండూ తేలిక తీగలు. తొలకరిలో పెట్టుకోవచ్చు. నీటి వసతి ఉంటే జనవరి, ఫిబ్రవరిలో కూడా పెట్టుకోవచ్చు. గింజ వేసిన సుమారు రెండు నెలలకు కాపు మొదలవుతుంది. కాకర ఆకు పలచన. అదొక్కటే పెడితే మరుగు చాలదు. బీర ఆకు వెడల్పు. బీర, కాకర కలిపి పెడితే దడి బాగా నిండుతుంది.

సొర, పొట్ల, గుమ్మడి: ఇవి దడి తీగలు కావు. ఒక్కసారి లెక్క వెయ్యండి. సొరకాయ ఒక్కోటి 2 కిలోలు ఉందనుకోండి. దడి మీద 10 కాయలు వేలాడితే ఎంత బరువు? 20 కిలోలు. దానికి వానకు తడిసిన ఆకు బరువు కలపండి. గాలి విసురు కలపండి. తాటాకు దడి ఆగుతుందా? ఆగదు. సొరకు గట్టి పందిరి కావాలి. లేదా పశువుల పాక మీదికి పాకించాలి. పొట్లకాయ బారెడు పొడుగు దిగుతుంది. దానికి ఎత్తు పందిరి కావాలి. గుమ్మడిని నేల మీదే పాకనివ్వాలి.

పూల తీగలు: సన్నజాజి, విరజాజి గట్టి కంచెకు మంచివి. జడలోకి పూలు వస్తాయి. ఎక్కువైతే నాలుగు మూరలు అమ్ముకోవచ్చు. శంఖుపూల తీగ తేలిక. తక్కువ నీటితో బతుకుతుంది. రాధామనోహరం చాలా అందంగా ఉంటుంది. పువ్వు తెల్లగా విచ్చుకుని, గులాబి రంగుకు తిరిగి, ఎర్రబడుతుంది. కాని దాని కాడ చెట్టంత లావు అవుతుంది. తడికలు దాన్ని మోయలేవు.

ఒక ఇంటి లెక్క

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి పెరట్లో 30 అడుగుల తాటాకు దడి ఉంది. అత్త సొర పాదు పెడదామంది. కోడలు అప్పుడే చదువు నేర్చుకుంది. తాడుతో దడిని కొలిచింది. పలక మీద లెక్క వేసింది.

"అత్తమ్మా, సొర పెడితే దడి ఆగదేమో" అంది కోడలు.

"మా అమ్మ గారింట్లో సొర పాదు లేని ఏడు లేదమ్మా. ఎన్ని కాయలు కాసేవో!" అంది అత్త.

"అక్కడ దడి మీద పాకించేవారా, పందిరి మీదా?"

అత్త ఆలోచించింది. "పాక మీదికి పాకించేవాళ్ళంలే" అంది.

"అయితే ఇక్కడా అలాగే చేద్దాం. సొరను మన గొడ్ల పాక మీదికి ఎక్కిద్దాం. దడికి తేలిక తీగలు పెడదాం" అంది కోడలు.

"సరే, నీ లెక్క ఏదో చెప్పు" అంది అత్త.

కోడలు చెప్పింది. అంట్లు తోమే రాయి దగ్గర వేపచెట్టు నీడ ఉంది. అక్కడ 6 అడుగులు బచ్చలికి వదిలెయ్యాలి. 30లో 6 పోతే 24 అడుగులు మిగిలింది. పాదుకూ పాదుకూ మధ్య 4 అడుగులు. 24ను 4తో భాగిస్తే 6. అంటే ఆరు పాదులు. రెండు బీర, రెండు కాకర, రెండు చిక్కుడు. చిక్కుడు పాదుల దగ్గర రెండేసి గుంజలు అదనంగా పాతాలి.

"మరి దడి ఎప్పుడూ పచ్చగా ఉంటుందా?" అని అడిగింది అత్త.

మంచి ప్రశ్న. తొలకరిలో పెట్టిన బీర, కాకర ముందు దడిని కప్పుతాయి. కార్తీకం నాటికి అవి ముదిరిపోతాయి. అప్పటికి చిక్కుడు అల్లుకుంటుంది. మాఘం దాకా చిక్కుడు కాస్తుంది. ఎండాకాలంలో నీళ్ళు పోస్తే బచ్చలి పచ్చగా ఉంటుంది. స్నానం చేసే చోటు బచ్చలి వైపు ఉంటే ఏడాదంతా మరుగు ఉంటుంది. చూశారా! ఒక్క తీగను నమ్ముకుంటే దడి సగం రోజులు బోడిగా ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పెట్టుకుంటే ఆ బాధ లేదు.

పాదు చెయ్యడం

దడికి జానెడు ఎడంగా గొయ్యి తియ్యాలి. మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు చాలు. బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట మట్టిలో కలిపి గొయ్యి నింపాలి. పచ్చి పేడ వెయ్యకూడదు. వేరు మాడిపోతుంది.

బీర, కాకర గింజల తొక్క గట్టిది. రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున నాటాలి. అంగుళం లోతు చాలు. పాదుకు నాలుగు గింజలు వెయ్యాలి. మొలిచాక బలంగా ఉన్న రెండు ఉంచి, మిగతావి తీసెయ్యాలి. తియ్యడానికి మనసు ఒప్పదు. కాని నలుగురు తినే అన్నం పదిమందికి పెడితే ఎవరికీ కడుపు నిండదు. పాదు సంగతీ అంతే.

నీళ్ళ సంగతి చూద్దాం. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పాదుకు మంచివి. సోడా పొడి, బట్టల సబ్బు కలిసిన నీళ్ళు రోజూ పోస్తే నేల పాడవుతుంది. మరుగుదొడ్డి నీళ్ళు ఆకుకూర పాదుకు పారనివ్వకూడదు. దాని వల్ల కడుపులో పురుగులు వస్తాయి. పాదులో నీళ్ళు నిలవ ఉండకూడదు. దోమలు పెరుగుతాయి.

పూత ఉంది, కాయ లేదు. ఎందుకు?

"పిందె పడుతోంది, రాలిపోతోంది." ఈ మాట చాలా ఇళ్ళలో వినపడుతుంది. కొందరు దిష్టి అంటారు. దిష్టి కాదు. అసలు కారణం ఇది.

బీర, కాకర, సొర తీగల్లో ఒకే తీగకు మగ పూలు, ఆడ పూలు వేరుగా పూస్తాయి. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగ పువ్వుకు ఉత్త కాడ ఉంటుంది. మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వు మీద పడితేనే పిందె కాయ అవుతుంది. ఆ పని తేనెటీగలు, పురుగులు చేస్తాయి. అవి రాకపోతే పిందె రాలుతుంది.

అప్పుడు ఇల్లాలే ఆ పని చెయ్యవచ్చు. మగ పువ్వును కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. కాకర పూలు పొద్దున విచ్చుకుంటాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకే చెయ్యాలి. పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు కొడితే తేనెటీగలు చస్తాయి. ఇక కాయ ఎలా వస్తుంది?

పురుగు పడితే

మొలక మీద ఎర్రటి పెంకు పురుగులు వాలి ఆకు తింటాయి. పొద్దున్నే అవి మందంగా ఉంటాయి. చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వెయ్యండి. చిక్కుడు చిగుళ్ళకు నల్లగా పేనుబంక పడుతుంది. ఆ చిగుళ్ళను తుంచి పారెయ్యండి. కాకర, బీర కాయలను ఈగ కుట్టి, లోపల పురుగు పడితే ఆ కాయలను పాదు దగ్గర వదలొద్దు. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

వేప గింజల కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు నీళ్ళకు 50 గ్రాముల వేప గింజల పొడి. గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, వడగట్టాలి. కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లాలి. మరి 5 లీటర్లకు ఎంత పొడి కావాలి? మీరే లెక్క వెయ్యండి.

ఈ తీగలు పెరట్లో వద్దు

కొన్ని తీగలు దానంతట అవే వచ్చి దడి ఎక్కుతాయి. చూడ్డానికి బాగుంటాయి. పని సులువైంది కదా అని వదిలేస్తారు. ప్రాణం మీదికి వస్తుంది.

గురివింద తీగ అలాంటిది. ఎర్రటి గింజ, ఒక పక్క నల్ల చుక్క. పిల్లలకు ముచ్చటగా ఉంటుంది. దాని లోపల గొప్ప విషం ఉంది. గింజను నమిలి మింగితే ప్రాణం పోవచ్చు.

అగ్నిశిఖ ఇంకొకటి. కొన్ని చోట్ల అడవి నాభి అంటారు. పువ్వు మంటలా ఎరుపు, పసుపు రంగుల్లో ఉంటుంది. దాని దుంప, ఆకు, గింజ అన్నీ విషమే. దుంపను చూసి తినే దుంప అనుకునే ప్రమాదం ఉంది.

దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే విపరీతమైన దురద, మంట పుడతాయి. ఆకు లేకుండా పసుపు దారాల్లా అల్లుకునే తీగ ఒకటి ఉంది. కొందరు బంగారు తీగ అంటారు. పేరు బంగారం. చేసేది దొంగతనం. పక్క మొక్క రసం పీల్చి బతుకుతుంది. కనపడగానే, అది పట్టిన కొమ్మతో సహా కోసి కాల్చెయ్యండి.

పిల్లలు గురివింద గింజ గాని, అగ్నిశిఖ దుంప గాని నమిలితే ఏం చెయ్యాలి? నాటు వైద్యం అంటూ ఆలస్యం చెయ్యొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తిన్నది ఏదో డాక్టరుకు చూపించడానికి ఒక గింజో, ఆకో పట్టుకుపోండి.

చేదు సొరకాయ జాగ్రత్త

కాకరకాయ చేదు దాని గుణం. సొరకాయ, బీరకాయ చేదుగా ఉంటే మాత్రం అది విషం. అప్పుడప్పుడు ఒక తీగకు ఇలాంటి కాయలు కాస్తాయి. వండినా ఆ విషం పోదు. ఉప్పు, కారం, బెల్లం వేసినా పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. కాబట్టి వండే ముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మెయ్యండి. ఆ కాయ పారెయ్యండి. డబ్బు పోతుందని చూడొద్దు. ఆ తీగ విత్తనం దాచొద్దు.

తీగకు హద్దు తెలియదు

దడికి రెండు పక్కలా రెండు ఇళ్ళు ఉంటాయి. పాదు ఈ పక్క ఉంటుంది. కాయ ఆ పక్క వేలాడుతుంది. ఆ కాయ ఎవరిది? ఇలాంటి చిన్న మాట మీదే పెద్ద తగవులు వస్తాయి. తీగ పెట్టే ముందే పక్కింటి వదినతో ఒక మాట అనుకోవాలి. "వదినా, మీ వైపు కాసినవి మీరు కోసుకోండి. నాలుగు చెంబుల నీళ్ళు మీరూ పొయ్యండి" అంటే సరిపోతుంది. అప్పుడు కాపలా కూడా రెండు పక్కలా ఉంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. తీగ గుబురైతే కింద పాములు, తేళ్ళు చేరతాయి. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు ముదురు ఆకులు తీసెయ్యండి. కింద చెత్త పేర్చకండి. చీకట్లో కాయ కొయ్యొద్దు. స్నానం చేసే చోట మాత్రం ఆ కింది భాగానికి తడిక గాని, రేకు గాని అడ్డం పెట్టుకోండి. రెండోది కరెంటు. తీగను కరెంటు వైరు దాకా పాకనివ్వొద్దు. ఇనుప కంచెకు కరెంటు వైరు తగలకుండా చూసుకోండి.

కాపు అయిపోయాక ఎండు తీగను బలంగా లాగొద్దు. తాటాకు కూడా ఊడి వస్తుంది. మొదలు కోసి వదిలెయ్యండి. అది పూర్తిగా ఎండాక తేలిగ్గా రాలుతుంది.

ఇదంతా ఎందుకు?

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషి రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు తినాలని ఆ సంస్థ 2024లో చెప్పింది. ఇంట్లో నలుగురు ఉంటే 1,600 గ్రాములు. అంటే కిలో 600 గ్రాములు. ఎన్ని ఇళ్ళలో అంత కూర వండుతున్నారు? వండినా, ఇంట్లో అందరూ తిన్నాక ఇల్లాలికి మిగిలేది ఎంత? గిన్నె అడుగున పులుసే కదా!

2019–21లో దేశమంతటా ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 59 మంది. తెలంగాణలో దాదాపు 58 మంది. అంటే సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్ళకు రక్తం తక్కువ అన్నమాట.

దడి మీద తీగ ఒక్కటే ఇంటికి కావలసిన కూరంతా ఇవ్వదు. రక్తం తక్కువైతే డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకూడదు. కాని వారానికి రెండు రోజులు బచ్చలి పప్పు, ఇంకో రెండు రోజులు బీరో, చిక్కుడో పెరట్లో నుంచి వస్తే అంత మేలు. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి. ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగొద్దు. పడుతున్న ఇనుము తగ్గిపోతుంది.

ఇంకో మాట. పాదు పెట్టేది ఇల్లాలు. నీళ్ళు పోసేది ఇల్లాలు. కోసి వండేది ఇల్లాలు. కాబట్టి ఆ కూరలో ఇల్లాలి వాటా ముందే పక్కన తీసి పెట్టుకోవాలి. ఇందులో సిగ్గు పడాల్సింది లేదు.

ఈ తొలకరికి ముందే ఒక రోజు తాడు తీసుకుని దడిని కొలవండి. ఎన్ని అడుగులు ఉందో పలక మీద రాయండి. ఎండ చోటు, నీడ చోటు గుర్తు పెట్టండి. దడి ఎంత బరువు మోస్తుందో చూడండి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

చదివి మాట్లాడుకోండి

1. మీ పెరటి దడి ఏ రకం? దానికి ఏ తీగ తగినది? ఎందుకు?

2. దొండను గింజతో ఎందుకు పెట్టకూడదు?

3. మీ దడి 40 అడుగులు. బచ్చలికి 8 అడుగులు వదిలారు. మిగతా చోట 4 అడుగులకు ఒక పాదు చొప్పున ఎన్ని పాదులు పడతాయి?

4. మీ ఊళ్ళో గురివింద తీగ ఎక్కడ ఉంది? పిల్లలకు ఏం చెప్పాలి?

5. నిన్న మీ ఇంట్లో వండిన కూరలో మీ వాటాకు ఎంత వచ్చింది?